హిమాలయాలు దాటొచ్చే బాతులు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చలికాలంలో అక్కడ అందరి కళ్లూ ఫ్లెమింగోల మీదే. నేను మాత్రం తెల్లటి తలపై రెండు నల్లపట్టీలున్న బూడిదరంగు బాతుల కోసం వెతుక్కుంటాను. బార్ హెడెడ్ గూస్ అంటారు వాటిని.

మంగోలియా, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసే ఈ పక్షులు, అక్కడ నీళ్లు గడ్డకట్టి మేత కరువయ్యేసరికి దక్షిణానికి బయల్దేరతాయి. దారికి అడ్డంగా హిమాలయాలు! శాస్త్రవేత్తలు ట్రాన్స్‌మీటర్లు అమర్చి చూస్తే, ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తుకు చేరింది. అక్కడ దొరికే ఆక్సిజన్ మనం పీల్చేదాంట్లో సగం కూడా ఉండదు. గద్దలా రెక్కలు చాపి తేలిపోదామంటే కుదరదు, కొడుతూనే ఉండాలి. అందుకే వీటి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. పైగా మహా పొదుపరులు: లోయ వస్తే దిగుతాయి, కొండ వస్తేనే ఎక్కుతాయి. గాలి చల్లగా, చిక్కగా ఉండే రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువగా దాటుతాయి.

ఎండలు ముదిరేలోపు తిరుగు ప్రయాణం. చూడ్డానికొచ్చేవాళ్లకు నాదొకటే మనవి: హారన్ కొట్టొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. బెదిరి లేచిన ప్రతిసారీ, దారిఖర్చుకు దాచుకున్న కొవ్వు కొంత కరిగిపోతుంది.