చీటీలో అమ్మ పేరొస్తే?

కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. చుట్టుపక్కల నాపరాతి గనులూ, కంది చేలూ ఉన్నాయి. దుమ్ము సంగతి ఊరు తేల్చుకోవాలనుకుందాం. గ్రామసభ పెడితే గట్టి గొంతున్నవాళ్లే మాట్లాడతారు. కూలికెళ్లిన అమ్మ మాట ఎవరు వింటారు?

అందుకే కొన్ని దేశాల్లో చీటీలు తీస్తారు. ముందుగా లాటరీలో వచ్చిన పేర్లకు ఆహ్వానాలు పంపుతారు. సరేనన్నవాళ్లలోంచి ఆడా మగా, వయసూ, పనీ ఊళ్లో ఉన్న పాళ్లలోనే వచ్చేలా మళ్లీ తీస్తారు. ఓట్లడిగి రాలేదు కాబట్టి సభ్యులు ఎవరికీ మొహమాటపడక్కర్లేదు. నిపుణుల మాట వింటారు, ఎదురు ప్రశ్నలు వేస్తారు, చర్చించి సిఫారసు చేస్తారు. 2016లో ఐర్లండ్‌లో ఇలాంటి సభలోనే 99 మంది కూర్చున్నారు.

మనకు దగ్గర్లోనూ ఇలాంటిదొకటి జరిగింది. 2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో సేద్యం ఎటు వెళ్లాలో తేల్చేందుకు 'ప్రజాతీర్పు' పెట్టారు. సభ్యులను లాటరీతో కాక ఎంపిక చేసి పిలిచారు. ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ మహిళలు. ఎప్పుడూ పక్కకు నెట్టేసినవాళ్లను ముందు కూర్చోబెట్టడం నాకు న్యాయంగానే తోస్తుంది. అప్పటి ప్రభుత్వ 'విజన్ 2020' సహా సేద్యానికి మూడు దారులను వీడియోల్లో చూశారు. అధికారులనూ, శాస్త్రవేత్తలనూ, కంపెనీలవాళ్లనూ నిలదీశారు. కూలి పని తగ్గించే యంత్రాలు, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. నేలకు సత్తువ, ఊరి విత్తనం, తమ భూమిపై తమ పట్టు కావాలన్నారు.