కణాల మధ్య ఏముంది?

సంయోజక కణజాలం బొమ్మ గీయమంటే విద్యార్థులు చక్కగానే గీస్తారు. అక్కడక్కడ నాలుగు కణాలు, వాటి మధ్య అలల్లాగా సాగిపోయే లావుపాటి పట్టీలు, కొమ్మలు వేసే సన్నని గీతలు. భాగాలు గుర్తించి మార్కులు కూడా తెచ్చుకుంటారు. కాని ఆ గీతల నడుమ మిగిలిపోయిన తెల్లకాగితం మీద వేలు పెట్టి "ఇక్కడ ఏముంది?" అని అడిగితే, "ఏమీ లేదండీ, ఖాళీ" అంటారు చాలామంది.

అది ఖాళీ కాదు. అక్కడ ఒక పదార్థం నిండి ఉంది. దాన్ని ఆధార పదార్థం అంటారు. నన్నడిగితే ఈ కణజాలంలో తెలుసుకోవలసిన సంగతి సగం అక్కడే ఉంది.

చర్మం పైపొరలో కణాలు తిరునాళ్ళలో జనంలాగా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. సంయోజక కణజాలంలో అలా కాదు. పొలాల మధ్య విసిరేసినట్టున్న ఇళ్ళలాగా కణాలు దూరదూరంగా ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న పొలం అంతా మాత్రిక. మాత్రికలో రెండు భాగాలున్నాయి: తంతువులు, ఆధార పదార్థం.

పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి తొక్కుతారు. ఒట్టి మట్టి అయితే ఎండకు పగులుతుంది. ఒట్టి గడ్డితో గోడ నిలవదు. మాత్రిక కూడా ఇలాంటిదే. గడ్డికి బదులు తంతువులు, మట్టికి బదులు ఆధార పదార్థం. ఒక్క తేడా ఉంది. గోడ కట్టిన మేస్త్రి పని కాగానే ఇంటికి వెళ్ళిపోతాడు. ఇక్కడి మేస్త్రులు గోడలోనే కాపురముంటారు. ఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలే ఆ మేస్త్రులు. తంతువులను, ఆధార పదార్థాన్ని తయారుచేసి బయటికి పంపేవి ఇవే.

ముందు తంతువుల సంగతి చూసి, తర్వాత ఆ తెల్లకాగితం దగ్గరికి వద్దాం.

కోడిని కోసినప్పుడు పాదం కొసన తెల్లని తాడు ఒకటి బయటికి కనిపిస్తుంది. దాన్ని పట్టుకు లాగితే కోడి వేళ్ళు ముడుచుకుంటాయి. పిల్లలు దీనితో ఆడుకోవడం మీరు చూసే ఉంటారు. మాంసం కొట్టేవాళ్ళు దాన్ని నరం అంటారు. నిజానికది నరం కాదు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనం. ఎంత లాగినా దాదాపు సాగదు. దానిలో ఉన్నదంతా ఇంచుమించు కొల్లాజన్ అనే ప్రోటీను తంతువులే. మన శరీరంలోని మొత్తం ప్రోటీన్లలో నాలుగో వంతుకు పైగా ఇదొక్కటే ఉంటుంది.

కొల్లాజన్ అణువు ఎలా ఉంటుందో కనిపెట్టే ప్రయత్నంలో మన దేశానికి గొప్ప వాటా ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా కంగారూ తోకలోని స్నాయుబంధనం మీదికి ఎక్స్-కిరణాలు పంపి పరిశీలించారు. కంగారూ మద్రాసుకెలా వచ్చిందంటారా? పక్కనే ఉన్న కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థ నుంచి ఆ కొల్లాజన్ దొరికింది. మూడు గొలుసులు తాడులాగా పెనవేసుకుని ఉంటాయని వాళ్ళు 1954, 1955 సంవత్సరాలలో ప్రకటించారు. ప్రతి గొలుసులోను ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉంటుంది. మూడు పేటలు అంత దగ్గరగా బిగుసుకోవాలంటే లోపలివైపు ఇంకే అమైనో ఆమ్లమూ ఇమడదు.

తోళ్ళ సంస్థకు కొల్లాజన్‌తో ఏం పని అనుకోకండి. తోలు అంటేనే కొల్లాజన్! పశువు చర్మంలోని కొల్లాజన్ కుళ్ళిపోకుండా స్థిరపరచడమే తోలు ఊనడం. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఆ రసాయనశాస్త్రంలోనే పేరు తెచ్చుకుని, 1958లో అదే సంస్థకు డైరెక్టరయ్యారు.

మూడు పేటల తాడును విప్పాలంటే ఉడకబెడితే చాలు. మేక కాళ్ళ పులుసు చల్లారాక గడ్డకట్టి వణుకుతుంటుంది. పైన తేలేది కొవ్వు. కింద వణికేది పేటలు విడిపోయిన కొల్లాజన్. దానికే జిలటిన్ అని పేరు.

రెండో రకం తంతువులు ఎలాస్టిన్‌వి. ఇవి రబ్బరులాగా సాగి మళ్ళీ వెనక్కి వస్తాయి. మీ ముంజేతి వెనక చర్మాన్ని గిల్లి పట్టి వదలండి, వెంటనే సర్దుకుంటుంది. మీ తాతయ్య చేతిమీద ఆ మడత కాసేపు అలాగే నిలుస్తుంది. ఎలాస్టిన్ ఎక్కువగా చిన్నతనంలోనే తయారవుతుంది మరి. కాలేయం, ప్లీహం వంటి అవయవాలలో వలలాగా అల్లుకునే సన్నని తంతువులు మూడో రకం. అవి కూడా కొల్లాజన్ జాతివే.

ఈ గోడ ఒకసారి కట్టి వదిలేసేది కాదు. పాత కొల్లాజన్ కరిగిపోతూ కొత్తది వచ్చి చేరుతూ ఉంటుంది. కొత్తది రావడం ఆగిపోతే ఏమవుతుంది? 1740లో ఇంగ్లండు నుంచి జార్జ్ ఆన్సన్ నాయకత్వంలో బయలుదేరిన నావికులకు అది అనుభవమైంది. నెలల తరబడి పళ్ళూ కూరలూ లేని సముద్రయానం. చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారింది, పళ్ళు కదిలాయి. 1690 నాటి బోయిన్ యుద్ధంలో గాయపడిన ఒక ముసలి నావికుడికి, యాభై ఏళ్ళ కిందట మానిన గాయాలు మళ్ళీ నోళ్ళు తెరిచాయి. ఎప్పుడో అతుక్కున్న ఎముక అతుకు కూడా కరిగిపోయింది. ఆ యాత్రలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది ఈ స్కర్వీ వ్యాధే.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరేసి చొప్పున విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరూ మిగతావారికంటే ఎంతో త్వరగా కోలుకున్నారు. ఆరు రోజులకే పండ్లు అయిపోయాయి. అప్పటికే వారిలో ఒకడు పనిలోకి దిగగలిగాడు! కారణం మనకిప్పుడు తెలుసు. కొల్లాజన్ గొలుసులోని ప్రోలీన్ అనే అమైనో ఆమ్లానికి హైడ్రాక్సిల్ సమూహాన్ని తగిలించే ఎంజైముకు విటమిన్ సి తోడు కావాలి. ఆ సమూహం లేకపోతే మన ఒంటి వేడికే మూడు పేటలూ విడిపోతాయి. నారింజే కావాలని లేదు. జామపండులో విటమిన్ సి దానికంటే ఎక్కువ ఉంటుంది.

ఇక తెల్లకాగితం సంగతి. ఆధార పదార్థం నీళ్ళు పట్టుకున్న జిగురు. దీనిలో ముఖ్యమైనది హయలురోనిక్ ఆమ్లం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని ఆవు కంటిలోని పారదర్శకమైన జిగురు నుంచి మొదట వేరుచేశారు. దాని పొడవాటి అణువులు తమ బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతాయి. మనం నిలబడినప్పుడు ఒంట్లోని నీరంతా పాదాల్లోకి జారిపోకుండా ఉండడానికి ఇదొక కారణం. పట్టులో లేని నీరు ఎక్కువగా చేరితే పాదం వాస్తుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. రక్తకేశనాళికల నుంచి కణాలకు ఆక్సిజన్, ఆహారం ఈ జిగురు గుండానే చేరతాయి.

ఈ జిగురు సూక్ష్మజీవులకు అడ్డుగోడ కూడా. అయితే కొన్ని బాక్టీరియాలు దాన్ని కరిగించే ఎంజైమును వెంట తెచ్చుకుంటాయి. పాము విషంలోనూ ఆ ఎంజైమే ఉంటుంది. విషం కాటుపడిన చోటునుంచి అంత చురుగ్గా పాకడానికి అదొక కారణం. (కాటుపడిన కాలిని కదలనివ్వకుండా మోసుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి. కోయడం, తాడు బిగించడం చేయకూడదు.)

అందుకే ఈ పొలంలో కాపలాదారులూ ఉన్నారు. మాక్రోఫేజ్‌లు చొరబడ్డ సూక్ష్మజీవులను మింగేస్తాయి. మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దోమ కుట్టినచోట దద్దురు లేచేది దానివల్లే. 1878లో వీటికి పేరు పెట్టిన పాల్ ఎర్లిక్, లోపలి రేణువులను చూసి ఇవి బాగా మేసి బలిసిన కణాలనుకున్నాడు. జర్మన్ భాషలో 'మాస్ట్' అంటే మేపి బలిపించడమే! ఆహారాన్ని దాచే కొవ్వు కణాలు మీకు తెలిసినవే.

ఆధార పదార్థం చర్మం కింద మెత్తగా ఉంటుంది, చెవిడొప్పలోని మృదులాస్థిలో గట్టిపడుతుంది. ఎముకలో అయితే కాల్షియం లవణాలు చేరి రాయిలా అవుతుంది. ఆ లవణాల కింద కొల్లాజన్ ఉందో లేదో మీరే చూడవచ్చు. ఉడికించని సన్నని కోడి ఎముకను శుభ్రంగా కడిగి సీసాలో వేసి, మునిగేట్టు వెనిగర్ పోయండి. రెండు రోజులకొకసారి వెనిగర్ మారుస్తూ వారం పది రోజులు ఉంచండి. ఆమ్లం లవణాలను కరిగించేస్తుంది. ఆకారం మారదు కాని ఎముక రబ్బరులా వంగుతుంది. మిగిలింది ఎక్కువగా కొల్లాజన్. రెండో ఎముకను పెద్దవాళ్ళ సాయంతో నిప్పుల్లో తెల్లబడేదాకా కాల్చండి. ఈసారి కొల్లాజన్ కాలిపోయి లవణాలే మిగులుతాయి. ఆకారం ఇక్కడా మారదు. చల్లారాక వేళ్ళతో నలిపి చూడండి, పొడైపోతుంది.