చేటు చేసే కిరణంతోనే కంటికి కట్టు

"మావాడికి 13 ఏళ్లు. ఆరునెలలకోసారి కళ్లద్దాల నంబరు మారుతోంది. పరీక్షలు చేసి కెరటోకోనస్ అన్నారు. కంట్లో విటమిన్ చుక్కలు వేసి, పైనుంచి అతినీలలోహిత కిరణాలు పడేట్టు చేస్తారట. ఎండలోని ఆ కిరణాలు కంటికి చేటని ఎప్పటినుంచో వింటున్నాం. మరి అవే మందెట్టా అవుతాయండీ?" అని చిలకలూరిపేట దగ్గరి మిరప రైతు ఒకరు అడిగారు. ఇంత మంచి ప్రశ్న వచ్చాక ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

ముందు నాలుగు ముక్కల్లో జబ్బు సంగతి. నల్లగుడ్డు ముందు గాజుబిళ్లలా ఉండే పొర కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు. కంట్లోకి వచ్చే వెలుతురును వంచి ఒకచోట చేర్చే పనిలో మూడింట రెండొంతులు దానిదే. కెరటోకోనస్‌లో ఈ పొర పలచబడి, కంటి లోపలి ఒత్తిడికి నిలవలేక శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. అక్షరాలకు నీడలు పడతాయి, అద్దాల సిలిండర్ నంబరు ఎగబాకుతుంది. 1854లో లివర్‌పూల్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. యుక్తవయసులో మొదలై, నలభై దాటేసరికి చాలామందిలో దానంతటదే నెమ్మదిస్తుంది.

ఎందుకు నెమ్మదిస్తుంది? వైద్యం మొత్తం ఈ ప్రశ్నలోంచే పుట్టింది. కార్నియా మందంలో పదింట తొమ్మిది వంతులు కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులతో అల్లినది. ఒక్కో పోగు లావు 30 నానోమీటర్లు. వయసు పెరిగేకొద్దీ ఆ ప్రోటీన్లలో కొత్త రసాయన బంధాలు వాటంతటవే పడుతూ పొర బిగుస్తుంది. పిల్లల్లో ఆ బంధాలు తక్కువ, అందుకే వాళ్లలో జబ్బు పరుగు పెడుతుంది. ఇంకో ఆధారం షుగరు రోగుల దగ్గర దొరికింది. ఎక్కువైన చక్కెర కొలాజెన్‌కు అంటుకుని అలాంటి బంధాలే వేస్తుంది. ఒళ్లంతటికీ హాని చేసే ఆ పని కార్నియాకు మాత్రం బలమిస్తుంది. షుగరు ఉన్నవాళ్లలో కెరటోకోనస్ అరుదుగా కనిపించడానికి ఇదే కారణం కావచ్చని జర్మనీ వైద్యుడు థియో సైలర్ బృందం 2000లో ప్రచురించింది.

కాలం ఇరవై ఏళ్లు తీసుకుని వేసే ముడిని మనం అరగంటలో వేయలేమా? 1990లలో జర్మనీలోని డ్రెస్డెన్‌లో సైలర్, ఆయన సహచరులు స్పోర్ల్, వోలెన్‌సాక్ పట్టుకున్న పని ఇదే. తంగేడు చెక్క నీళ్లలో నానిన పచ్చితోలు గట్టిపడి కుళ్లకుండా నిలుస్తుందని మన పెద్దవాళ్లకు తెలుసు. తోలులో ఉన్నదీ కొలాజెనే, చెక్కలోని టానిన్లు దాన్ని పట్టి బిగిస్తాయి. డ్రెస్డెన్‌లోనూ తోళ్లకు వాడే గ్లుటరాల్డిహైడ్‌ను పంది కార్నియాల మీద పరీక్షించారు. గట్టిపడ్డాయి, కానీ పిల్లవాడి కంట్లో పోసే పదార్థమా అది!

చివరికి నిలిచింది విటమిన్ బి2, అంటే రైబోఫ్లేవిన్. బి-కాంప్లెక్స్ మాత్ర మింగిన పూట మూత్రం పచ్చగా రావడానికి కారణం ఇదే. 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఇది బాగా పీల్చుకుంటుంది. పీల్చిన శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఆక్సిజన్ రెచ్చిపోయి దగ్గర్లో ఉన్న ప్రోటీన్‌తో కలబడుతుంది. ఆ పెనుగులాటలో ప్రోటీన్ల మధ్య కొత్త బంధం పడుతుంది. చేసే తీరు ఇదీ: కంటికి మత్తుచుక్కలు వేసి, కార్నియా పైన 50 మైక్రాన్ల చర్మంలాంటి పొరను గీకి తీస్తారు. అరగంట పసుపుపచ్చని చుక్కలు వేస్తారు. తర్వాత చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల కాంతి, ఇంకో అరగంట.

ఇక రైతుగారి అనుమానం. కార్నియా అడుగున ఒకే వరుసలో ఎండోథీలియం కణాలుంటాయి. పోతే మళ్లీ పుట్టవు. అతినీలలోహితం వాటిదాకా దిగితే కొంప మునిగినట్టే. కానీ దిగాలంటే దారి పొడవునా నిండి ఉన్న రైబోఫ్లేవిన్‌ను దాటాలి. 400 మైక్రాన్ల కార్నియాలో పైన పడిన 3 మిల్లీవాట్లలో అడుగుకు చేరేది 0.18. ఆ కణాలకు హాని మొదలయ్యే హద్దు 0.35. కిరణాన్ని పనిలో పెట్టేదీ, పని అవగానే దాన్ని దారిలోనే మింగేసేదీ ఒకే అణువు! ఇంత పొందికైన ఏర్పాటు వైద్యంలో నాకు మరొకటి కనిపించలేదు. 400 మైక్రాన్లకంటే పలచనైతే మామూలు పద్ధతి వద్దనేది కూడా ఈ లెక్కతోనే.

ప్రయోగశాలలో మనిషి కార్నియా ఇలా 4.5 రెట్లు బిరుసెక్కింది, పందిది 1.8 రెట్లే. 2003లో డ్రెస్డెన్ బృందం 23 కళ్ల ఫలితాలు ప్రకటించారు. అన్నిట్లోనూ జబ్బు ఆగింది, 16 కళ్లలో వంపు కొంత తగ్గింది కూడా.

తప్పటడుగులూ పడ్డాయి. పోగుకూ పోగుకూ మధ్య వంతెనలు గీసిన బొమ్మలు ఇప్పటికీ ఆసుపత్రి గోడల మీద కనిపిస్తాయి. కానీ పోగుల మధ్య ఎడం ఒక చిన్న బంధం అందుకోలేనంత ఎక్కువ. బంధాలు పోగుల పైభాగంలోనూ, వాటిచుట్టూ ఉన్న ప్రోటీన్లలోనూ పడతాయని 2013లో పరిశోధకులు సాలీ హేస్, కీత్ మీక్ తదితరులు వాదించారు, నాకూ అదే సబబనిపిస్తుంది. మరికొందరు, కాంతి పదిరెట్లు పెంచితే అరగంట పని మూడు నిమిషాల్లో అయిపోతుందన్నారు. మొత్తం శక్తి ఒకటే కదా అని లెక్క. ఆక్సిజన్‌ను మరిచిపోయారు. కాంతి పడగానే కార్నియాలోని ఆక్సిజన్ క్షణాల్లో ఖర్చయిపోతుంది, గాలిలోంచి మళ్లీ ఊరాలి. తొందరపెడితే అది ఊరేలోపు వెలుగు వృథా, బిగువూ తక్కువే. పైపొర తీయకుండా చేయబోతే వచ్చిన చిక్కుల్లోనూ సగం ఇదే. ఆ పొర రైబోఫ్లేవిన్‌ను లోపలికి రానివ్వదు, ఆక్సిజన్‌ను తానే వాడేసుకుంటుంది.

నాకు కోపం తెప్పించేది మాత్రం ఇంకో పొరపాటు: "చిన్నపిల్లాడు, ముదురుతుందేమో చూద్దాం" అని ఏళ్లు గడపడం. 2012లో చాట్జిస్, హఫేజీ అనే పరిశోధకులు పిల్లల 59 కళ్లను గమనిస్తే 52 ముదిరాయి. బ్రిటన్‌లో 10 నుంచి 16 ఏళ్లవాళ్లు 60 మందితో జరిగిన కెరాలింక్ పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఏడాదిన్నరలో, కాంతి వైద్యం చేసిన గుంపులో నూటికి ఏడుగురికి ముదిరితే, చేయని గుంపులో నూటికి 43 మందికి ముదిరింది. పోయిన ఆకారాన్ని ఈ వైద్యం పూర్తిగా వెనక్కి తేదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది. కాబట్టి ఆగిన ప్రతి నెలా నష్టమే. తర్వాత కూడా అద్దాలో గట్టి కాంటాక్టు లెన్సులో వాడాల్సి రావచ్చు.

మన వైపు బళ్లలో కంటి పరీక్ష అంటే గోడమీద అక్షరాలు చదివించి అద్దాలివ్వడమే. శంకువు అందులో దొరకదు, కార్నియా ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీ తీయాలి. దానికి హైదరాబాదు దాకా పరుగెత్తక్కర్లేదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి విజయవాడ పక్కన తాడిగడపలో శాఖ ఉంది. గుంటూరు వాళ్లకు పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి ఇంకా దగ్గర.

చివరగా, కళ్లు నలుపుకోవడం గురించి. మిరపఘాటు వల్ల ఈ జబ్బు వస్తుందని నేను అనను. కానీ కోతల కాలంలో కల్లంలో తొడిమలు తీసే తల్లి పక్కన ఆడుకునే పిల్లలకు ఘాటూ దుమ్మూ తగులుతాయి. వేసవి కంటి ఎలర్జీ ఉన్న పిల్లవాడికైతే దురద ఆగదు, పిడికిలితో కళ్లు నలిపేస్తూనే ఉంటాడు. ఆరోగ్యవంతుల్లో 60 సెకన్లు కన్ను నలిపించి చూస్తేనే కన్నీళ్లలో వాపు రసాయనాలు, కొలాజెన్‌ను కోసే ఎంజైములు పెరిగాయి. కట్టిన ముడిని చేత్తో విప్పుకున్నట్టవుతుంది. చల్లటి నీళ్ల గుడ్డ పెట్టండి, డాక్టరు రాసిన ఎలర్జీ చుక్కలు వేయండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేయకండి, దురద తగ్గుతుంది గానీ గ్లకోమా, శుక్లాలు రావచ్చు.