విమానంలో మాటలు



ఈసారి గోడపత్రికకు నేను విమానంలో పనిచేసేవాళ్లు వాడే మాటల గురించి రాస్తున్నాను. నేను విమానం ఎప్పుడూ ఎక్కలేదు. మన హాస్టల్ మీదుగా పోతే అందరిలాగే బట్టలు ఉతకడం ఆపి తలెత్తి చూశాను, అంతే. మరి నీకెలా తెలుసు అంటారు. మన స్కూల్లోనే చదివి, ఇంటర్ పాసై, హైదరాబాద్‌లో క్యాబిన్ క్రూ ట్రైనింగ్‌కు వెళ్లిన అక్క సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చింది. వాళ్ల ఊరు మా ఊరికి పక్కదే. తన నోట్‌బుక్ నాకు రెండు రోజులు ఇచ్చింది. ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాలతో రాసుకుంది. అది చూసి, అర్థం కానివి అక్కనే అడిగి ఇది రాశాను.

క్యాబిన్ అంటే ప్రయాణికులు కూర్చునే చోటు. క్రూ అంటే పనిచేసే జట్టు. ఎయిర్ హోస్టెస్ అనేది పాత మాట. ఇప్పుడు మగవాళ్లు కూడా ఈ పని చేస్తున్నారు కాబట్టి క్యాబిన్ క్రూ అంటారు. మన దేశంలో ఈ పనికి 18 ఏళ్లు నిండాలి, ఇంటర్ పాసవ్వాలి.

మొదటి వారం ఇంటికి వచ్చేద్దామనుకున్నాను అని అక్క చెప్పింది. మిగతా అమ్మాయిలు ఆ మాటలు ముందే విన్నట్టు తలూపుతున్నారట. తనకు ఒక్కటీ తెలీదు. అడిగితే నవ్వుతారని భయం. నాకది బాగా అర్థమైంది. మా ఇంట్లో కువి మాట్లాడతాం. నేను మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చినప్పుడు పేరు పిలిస్తే "ప్రెజెంట్" అనాలని నాకు తెలీదు. ముందు వరసలోనే కూర్చున్నాను, నోరు తెరవలేదు. నాలుగు రోజులు ఆబ్సెంట్ పడింది. పదో తరగతిలో ఇద్దరు అక్కలు ఈ ట్రైనింగ్‌కే వెళ్తామంటున్నారు. వాళ్లకు ఈ మాటలు ఇక్కడే తెలిసిపోతే అక్కడ ఆబ్సెంట్ పడదని రాస్తున్నాను.

నోట్‌బుక్‌లో మొదటి మాట "ఆర్మ్ డోర్స్". నేను లైబ్రరీలో నిఘంటువు చూశాను. ఆర్మ్స్ అంటే ఆయుధాలు అని ఉంది. తలుపులకు తుపాకులు కడతారా అని అడిగాను. అక్క చాలాసేపు నవ్వింది. అసలు సంగతి ఇది. విమానం తలుపు నేలకు బాగా ఎత్తులో ఉంటుంది. ప్రమాదం వస్తే మెట్లు తెచ్చేదాకా ఆగడానికి వీల్లేదు. అందుకని తలుపు దగ్గర గాలితో ఉబ్బే పెద్ద జారుడుబల్లను మడిచి పెడతారు. దాన్ని స్లైడ్ అంటారు. విమానం కదిలే ముందు క్రూ ఒక మీట మార్చి, ఆ స్లైడ్ ఒక కొసను తలుపు దగ్గర విమానం లోపలి నేలకు బిగిస్తారు. ఇదే ఆర్మ్ చెయ్యడం. ఆ తర్వాత లోపలి నుంచి తలుపు తెరిస్తే స్లైడ్ బయటపడి కొన్ని సెకన్లలోనే ఉబ్బుతుంది. ఊరు చేరాక, మామూలుగా తలుపు తెరిచే ముందు, మీటను వెనక్కి మార్చాలి. అది డిసార్మ్. ఇది మరిచిపోయి తెరిస్తే బయట మెట్ల మీద నిలబడ్డ మనిషిని స్లైడ్ కొట్టి కింద పడేస్తుంది. ఆ విమానం మళ్లీ ఎగరడానికి కూడా ఆలస్యమైపోతుంది.

అందుకే వెంటనే ఇంకో మాట వస్తుంది, "క్రాస్ చెక్". మన తలుపును ఎదుటివాళ్లు చూస్తారు, వాళ్లది మనం చూస్తాం. రాత్రి వాచ్‌మన్ గేటుకు తాళం వేశాక వార్డెన్ మేడమ్ వచ్చి లాగి చూస్తారు కదా, అలాంటిదే. మేడమ్‌కు వాచ్‌మన్ మీద అనుమానం ఉండి కాదు. (నడుస్తుండగా ఎవరైనా పిచ్చిగా తలుపు తీస్తే అని మా రూంలో అడిగారు. బాగా పైన ఎగిరేటప్పుడు లోపలి గాలి తలుపును గట్టిగా నొక్కి పట్టి ఉంచుతుంది, మనిషి బలం చాలదు.)

గ్యాలీ అంటే వంటగది, కానీ వండరు, వేడి చేస్తారు. ప్యాక్స్ అంటే ప్రయాణికులు. జులూ టైమ్ అంటే ప్రపంచమంతా విమానాలవాళ్లు వాడే ఒకే గడియారం. మన టైం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. అంటే మనకు పొద్దున్న ఐదున్నరకు బెల్లు కొడితే జులూలో సున్నా గంటలు. అప్పుడు లేవడం మనకే కాదు, ఎవరికైనా కష్టమే.

ఇంగ్లీషు అక్షరాలకు కూడా పేర్లున్నాయి. ఏ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో, సి అంటే చార్లీ, డి అంటే డెల్టా. బి, డి, పి, టి రేడియోలో ఒకలాగే వినిపిస్తాయి కాబట్టి ఇలా పెట్టారు. 1956 నుంచి అన్ని దేశాలవాళ్లూ ఇవే వాడుతున్నారు. ఏ దేశం నోటికి ఆ దేశం యాస ఉంటుంది కదా. మన యాసకు ఇక్కడ ఒక్కోసారి నవ్వుతారు గానీ, బ్రావో అని మనం అన్నా బ్రావోయే.

జంప్ సీట్ అంటే దూకే సీటు కాదు. క్రూ కూర్చునే మడత సీటు. ఎక్కువగా ప్రయాణికుల వైపు ముఖం పెట్టి ఉంటుంది. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు అందులో బెల్టు పెట్టుకొని కూర్చుంటారు. ఊరికే కూర్చోరు. "సైలెంట్ రివ్యూ" చేస్తారు. ఇప్పుడు ఏదైనా జరిగితే నా తలుపు ఏది, ఎలా తీస్తాను, మొదట ఏమని అరుస్తాను, నాకు సాయం చేయగల మనిషి ఎవరు అని మనసులోనే అనుకుంటారు. ప్రతిసారీ. రోజుకు నాలుగు విమానాలైతే ఎనిమిదిసార్లు.

విమానం సుమారు 35,000 అడుగుల ఎత్తులో పోతుంది. మన ఏజెన్సీలో ఎత్తైన అర్మకొండ 1,680 మీటర్లు, అంటే ఐదున్నర వేల అడుగులు. అలాంటి కొండలు ఆరు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఇంకా పైనే. అక్కడి గాలి మనిషికి చాలదు కాబట్టి లోపలికి గాలి పంపు చేస్తారు. అది ఆగిపోతే పైనుంచి ఆక్సిజన్ మాస్కులు వేలాడతాయి. ముందు మనది పెట్టుకొని తర్వాత పక్కన ఉన్న పిల్లకు పెట్టాలి. ఇది నాకు తప్పుగా అనిపించింది. మా అమ్మయితే అలా చెయ్యదు అన్నాను. అంత ఎత్తులో నిమిషం లోపే మనిషి తెలివి తప్పుతాడు, అమ్మ పడిపోతే పిల్లకు ఎవరు పెడతారు అని అక్క అడిగింది.

"డిచింగ్" అంటే విమానాన్ని నీళ్ల మీద దింపడం. దీనికోసం ఈత కొలనులో ట్రైనింగ్ ఉంటుంది. ఆ రోజు కొందరు అమ్మాయిలు నీళ్లలో దిగనని ఏడ్చారట. అక్క చిన్నప్పటి నుంచి గెడ్డలో ఈదింది. ఇంగ్లీషు బాగా వచ్చిన ఇద్దరు ఆ రోజు అక్క చెయ్యి పట్టుకొనే దిగారు.

చివరి పేజీలో పెద్ద అక్షరాలతో "ఎవాక్యుయేట్" అని ఉంది. అంటే విమానం ఖాళీ చెయ్యండి అని. సగం తలుపులే పనిచేసినా అందర్నీ 90 సెకన్లలో దించగలమని పెద్ద విమానం తయారుచేసే కంపెనీ ముందే చూపించాలి. అందుకే క్రూ మాటలు చిన్నచిన్నగా ఉంటాయి. సామాను వదలండి. ఇటు రండి. దూకండి. అక్కడ "దయచేసి" ఉండదు.

2024 జనవరి 2న జపాన్‌లో టోక్యో హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూ, రన్‌వే మీద ఉన్న కోస్ట్ గార్డ్ విమానాన్ని గుద్దింది. ఆ చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో 379 మంది. మంటలు అంటుకున్నాయి. లోపలి మైకు పనిచెయ్యలేదు. క్రూ మెగాఫోన్లతో, ఉత్త గొంతులతో అరిచారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడటానికి వీలైంది. ఏ తలుపు తియ్యకూడదో చూసి చెప్పింది కూడా వాళ్లే. 379 మందీ బతికి బయటపడ్డారు. తర్వాత విమానం పూర్తిగా కాలిపోయింది.

ఇదంతా మా అమ్మకు చెప్పాను. ఎందుకంటే అంతకు ముందు అమ్మ, "ఇంత చదువు చదివి గాలిలో టీలు పొయ్యడానికా?" అని మా భాషలో అడిగింది. ఇప్పుడు మెగాఫోన్ అంటే ఏమిటని అడిగింది. సంతలో బట్టలమ్మే అతను నోటి దగ్గర పెట్టుకుంటాడే, అదే అన్నాను. అమ్మ కొంచెంసేపు పొయ్యిలో కర్రలు సర్దింది. తర్వాత, "ఆ పడిపోయిన విమానం ఫోన్లో చూశాను" అంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో పడిన ఎయిర్ ఇండియా విమానం గురించి. అందులోని 242 మందిలో ఒక్కరే బతికారు. పదిమంది క్యాబిన్ క్రూ కూడా పోయారు. దానికి నేనేమీ చెప్పలేకపోయాను. అమ్మే మళ్లీ, "గెడ్డలో నువ్వు కూడా బాగానే ఈదుతావు" అంది.

నోట్‌బుక్ అక్కకు ఇచ్చేశాను. ఇక్కడ పట్టని మాటలు ఇంకా నాలుగు పేజీలు నా రఫ్ బుక్‌లో ఉన్నాయి. కావాల్సినవాళ్లు ఆదివారం వచ్చి రాసుకోండి. స్టడీ అవర్‌లో అడగొద్దు, మేడమ్ చదువుతున్నారు ఇది.

— 9వ తరగతి విద్యార్థిని