నీటి అడుగున చేతికందే కత్తి

స్కూబా డైవర్ కత్తి షార్కులతోనో శత్రువులతోనో పోరాడటానికేనన్న అభిప్రాయం చాలావరకు సినిమాల పుణ్యమే; 1965లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘థండర్‌బాల్’లోని నీటి అడుగు యుద్ధం అటువంటి ఊహకు మంచి ఊతమిచ్చింది. డైవర్‌కు అసలు ముప్పు మరోచోట ఉంది. తెగిపోయి రాళ్లకు, మునిగిన ఓడల శిథిలాలకు చుట్టుకొన్న వలలు, గేలపు దారాలు ఏళ్ల తరబడి చివకకుండా నీటిలోనే ఉంటాయి. వాటిలో మోనోఫిలమెంట్ అనే ఒంటిపోగు నైలాన్ దారం దాదాపు కంటికి ఆనదు గనుక, సిలిండర్ వాల్వుకో కాలి ఫిన్ పట్టీకో తగులుకొనేదాకా దాని ఉనికే తెలియదు. విశాఖపట్నంలోని రుషికొండ వలె చేపల వేట సాగే తీరాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

కాబట్టి పనిముట్టును ఎంచుకోవలసింది పొడవును చూసి కాదు, చిక్కుపడ్డ స్థితిలో అది ఎంత తేలికగా అందుతుందో చూసి. పూర్వం పెద్ద కత్తిని పిక్కకు కట్టుకొనేవారు. అయితే దారం బిగిసినప్పుడు అంత దూరం వంగడం కష్టం, పైగా ఆ ఒర, పిడి తామే వలకు తగులుకుంటాయి. అందుకే ఇప్పుడు ఏ చేతికైనా అందేటట్లు ఛాతీ వద్దనో నడుము పట్టీ మీదనో ఉంచుకొనే చిన్న సాధనాలకే మొగ్గు. వాటిలో లైన్ కట్టర్ అనేది వేళ్లు తెగకుండా సన్నని గాడి లోపల బ్లేడును దాచిన పనిముట్టు; దారాన్ని గాడిలో ఇరికించి ఒంటిచేత్తో లాగితే తెగిపోతుంది. లావాటి మోకు ఆ గాడిలో పట్టదు గనుక దానికి రంపపు అంచున్న మొద్దుమొన కత్తి కావాలి. గేలానికి కట్టే సన్నని ఇనుప తీగకైతే అంబులెన్సు సిబ్బంది వాడే కత్తెరే మేలు. ఒకటి జారిపోయినా రెండోది దక్కేటట్లు వేర్వేరు చోట్ల రెండు ఉంచుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి.

లోహం విషయంలో రాజీ తప్పదు: గట్టి పదును నిలిపే స్టెయిన్‌లెస్ ఉక్కు ఉప్పునీటికి త్వరగా తుప్పు పడుతుంది, తుప్పును బాగా తట్టుకొనే రకానికి పదును నిలవదు. ఎటువంటిదైనా ప్రతి డైవ్ తరువాత మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. తుప్పే పట్టని టైటానియం ఖరీదైనది. శనివారం ఇనుము ఇంటికి తేకూడదనే వారికి బహుశా అభ్యంతరం లేనిది కూడా.

కత్తి కాక డైవర్‌కు మరేదైనా కానుక ఇవ్వదలచినవారు ముఖానికి అమరవలసిన మాస్కు, సిలిండర్ గాలిని నోటికి అందించే ప్రాణాధారమైన రెగ్యులేటర్ జోలికి పోకుండా ఉండటం మంచిది. వాటిని వాడేవారే చూసి కొనుక్కోవాలి. పడవవారికి డైవర్ జాడ తెలియడానికి నీటి అడుగు నుండే గాలి నింపి పైకి వదిలే నారింజరంగు గొట్టం వంటి ఎస్‌ఎంబీ, దాని దారం చుట్టే చిన్న స్పూల్, ఈల, నీటిలో రాసుకొనే పలక ఎవరికైనా పనికివస్తాయి. అన్నిటికంటే చవకైనది ఓ-రింగుల డబ్బీ: సిలిండర్ వాల్వు వద్ద గాలి కారకుండా ఆపే ఈ రబ్బరు వలయం ఒక్కటి పగిలితే, మారుది లేనివారికి ఆనాటి డైవ్ అక్కడితో సరి.

కత్తి కొనేముందు గమ్యాన్ని కనుక్కోవాలి, ఎందుకంటే మెక్సికోలోని కొజుమెల్ వంటి రక్షిత సముద్ర ప్రాంతాలలో డైవర్లు కత్తి తీసుకుపోరాదు. విమానంలో కత్తి చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. టార్చి కోసం విడిగా తెచ్చుకొనే లిథియం బ్యాటరీలను మాత్రం చేతిసంచిలోనే ఉంచుకోవాలి.