చెత్త గుట్ట జారితే ఊళ్లే సమాధి
వాలు, నీరు చూసుకోకపోతే ముప్పు

2017 ఏప్రిల్ 14. శ్రీలంకలో సంవత్సరాది పండుగ. కొలంబో శివార్లలోని మీతొటముల్లలో జనం ఇళ్లలో ఉన్న వేళ పక్కనే ఉన్న చెత్త గుట్ట విరిగి మీద పడింది. 32 మంది మరణించారు. అదే ఏడాది సెప్టెంబరు 1న ఢిల్లీలోని ఘాజీపూర్ చెత్త కొండ జారి, రోడ్డున పోయే వాహనాలను కాలువలోకి నెట్టేసింది. ఇద్దరు చనిపోయారు. అంతకు ముందు 2000 జులై 10న ఫిలిప్పీన్స్‌లోని పయటాస్‌లో తుఫాను వానల తరువాత గుట్ట కూలి 200 మందికి పైగా బలయ్యారు.

చెత్త తేలికైనదే కదా, కొండచరియలా ఎలా విరుచుకుపడుతుంది? మట్టి గోడ పెట్టేటప్పుడు అడుసులో గడ్డి కలుపుతాం. గడ్డి పోచలు మట్టిని పట్టి ఉంచుతాయి. చెత్తలోని గుడ్డ పీలికలు, ప్లాస్టిక్ సంచులు కూడా అదే పని చేస్తాయి. అందుకే గుట్ట గోడలా నిటారుగా నిలబడుతుంది. ఇన్నాళ్లూ నిలిచింది కదా అన్న ధీమాతో దాని మీదే మళ్లీ లారీలు దింపుతారు. అసలు మోసం ఇక్కడే ఉంది.

వాన పడితే గుట్ట నీరు పీల్చి బరువెక్కుతుంది. లోపల కుళ్లిన చెత్త నుంచి ఊరే మురుగు దీనికి తోడవుతుంది. బయటికి దారి లేని నీరు చెత్త పొరల మధ్య పట్టు సడలిస్తుంది. కట్టలో నీరు ఊరితే చెరువు ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. అడుగు నేల మెత్తనిదైతే ప్రమాదం రెట్టింపు. మీతొటముల్ల గుట్ట పోసింది చిత్తడి నేల మీదనే.

గుట్ట పైన నెర్రెలు విచ్చడం, అడుగున నేల ఉబ్బడం, పక్కల నుంచి మురుగు ఊటలు కొత్తగా పుట్టడం ముందస్తు హెచ్చరికలు. ఇవి కనబడితే కింద ఉన్నవారు వెంటనే దూరంగా పోవాలి. ముఖ్యంగా ముసురు పట్టిన రోజుల్లో ఆ ఛాయలకు పోకూడదు.

నివారణ అసాధ్యమేమీ కాదు. మీటరు ఎత్తుకు మూడు మీటర్ల చొప్పున వాలు ఉంచడం ఇంజనీర్లు సాధారణంగా పాటించే లెక్క. చెత్తను పొరలు పొరలుగా బుల్డోజరుతో తొక్కించి, పైన మట్టి కప్పాలి. అడుగున మురుగు పోయేందుకు గొట్టాలు, చుట్టూ వాన నీటికి కాలువ ఉండాలి. పూడ్చే స్థలం ఇళ్లకు, చెరువులకు 200 మీటర్ల దూరాన ఉండాలని కేంద్రం 2016లో చేసిన నిబంధనలు చెప్పాయి. తడి చెత్తను వేరు చేసి ఎరువుగా మారిస్తే గుట్ట అంత ఎత్తు పెరగనే పెరగదు.

పట్నం చెత్తకు పల్లె పొలిమేరలో చోటు అడిగినప్పుడు ఊరివారు వాసన గురించే మాట్లాడతారు. అది ఒక్కటే చాలదు. ఎంత ఎత్తు పోస్తారు, వాలు ఎంత ఉంచుతారు, నీరు ఎటు పోతుంది అన్న మూడు ప్రశ్నలూ గ్రామసభలోనే అడగాలి. జవాబు వచ్చాకే లారీని రానివ్వాలి. గుట్ట పెరిగాక అడిగినా, దాని కింద గుడిసె వేసుకున్నవారికి ఆ జవాబు అక్కరకు రాదు.