పన్నెండు వోల్టుల ఆశ

ఇంకో బ్యాటరీ తగిలిస్తే కరెంటు బండి స్పీడు పెరిగే మాట నిజమే. పెరిగేది స్పీడొక్కటే అనుకోవడమే పొరపాటు.

కడప జిల్లా వేముల మండలంలో నేల కింద తుమ్మలపల్లె యురేనియం, నేల మీద చీనీ, అరటి తోటలు. తోటకు పోయి రావాలన్నా, పిల్లను బడి దగ్గర దింపాలన్నా, పులివెందుల బజారులో పని చూసుకోవాలన్నా కరెంటు స్కూటరు చౌక. అందులోనూ చిన్న బండికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తీరా రోడ్డెక్కితే గంటకు 25 కిలోమీటర్లు దాటదు. లారీలు, ఆటోలు హారన్ కొట్టుకుంటూ దాటిపోతుంటాయి. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "ఇంకో బ్యాటరీ ఏపిచ్చుకో అన్నా, బండి ఎట్ల పోతాదో సూడు!"

స్పీడు ఎందుకు పెరుగుతుంది?

సలహాలో శాస్త్రం ఉంది. చక్రంలోని హబ్ మోటారు తిరిగేకొద్దీ తనలోనే ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. అది బ్యాటరీ వోల్టేజికి దగ్గరపడేసరికి మోటారులోకి కరెంటు తగ్గి, వేగం అక్కడితో ఆగిపోతుంది. బ్యాటరీ వోల్టేజి పెంచితే ఆ హద్దు పైకి జరుగుతుంది. పన్నెండు వోల్టుల సీసం బ్యాటరీలు నాలుగు కలిస్తే 48. ఐదోది వరుసలో కలిపితే 60. లెక్క ప్రకారం పాతిక వేగం 31కి చేరుతుంది. 72 వోల్టులకు పోతే 37 దాటుతుంది.

కొన్ని బళ్లలో వేగాన్ని ఆపేది వోల్టేజి కాదు, మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్‌లోని స్పీడ్ లాక్. అలాంటి బండికి ఎన్ని బ్యాటరీలు కలిపినా బరువు తప్ప ఫలితం ఉండదు. కొందరు ఆ లాక్‌నూ తీయించేస్తారు.

మిగతా లెక్క

48ని 72 చేస్తే వేగం ఒకటిన్నర రెట్లు. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి మాత్రం దాదాపు 3.4 రెట్లు. బ్రేకు వేశాక బండి ఆగే దూరం రెండుంపావు రెట్లు. బ్రేకు, టైరు, ఫ్రేము మాత్రం పాతికకు చేసినవే. మోటారు తీగల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కడప ఎండల్లో అసలే కాగి ఉన్న మోటారులో మొదట చక్రం ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టే హాల్ సెన్సర్లు పోతాయి. వేడి మరీ ముదిరితే అయస్కాంతాల బలం తగ్గుతుంది. ఆ నష్టం తిరిగి రాదు.

కంట్రోలర్ సంగతీ అంతే. 48 వోల్టుల కంట్రోలర్లలో 63 వోల్టుల కెపాసిటర్లు వాడటం మామూలు. పదహారు సెల్స్ వరుసగా ఉన్న 60 వోల్టుల లిథియం ప్యాక్ నిండా ఛార్జి అయితే 67.2 వోల్టులుంటుంది. మొదటిసారి తాళం తిప్పగానే కెపాసిటర్ పేలినా ఆశ్చర్యం లేదు.

అసలు ముప్పు ఛార్జింగ్‌లో ఉంది. 48 వోల్టుల ఛార్జరు ఐదు సీసం బ్యాటరీలను నింపలేదు. నాలుగు పాతవాటి పక్కన ఒక కొత్తది పెడితే బలహీనమైనది ముందు ఖాళీ అయి పాడవుతుంది. లిథియంలో తప్పు ఇంకా ఖరీదు. పదమూడు సెల్స్ ప్యాక్ 54.6 వోల్టుల దగ్గర ఆగాలి. దానికి 67.2 వోల్టుల ఛార్జరు తగిలిస్తే, అడ్డుపడాల్సింది ప్యాక్‌ను కాపాడే సర్క్యూట్, బీఎంఎస్ ఒక్కటే. అదీ నాసిరకమైతే ఇంట్లో నిప్పు పెట్టుకున్నట్టే.

ఇంట్లో అంటుకుంటే

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల వృద్ధుడు చనిపోయారు. రోజుల తేడాలోనే విజయవాడ సూర్యారావుపేటలో కొత్త బండి బ్యాటరీ పడకగదిలో పేలి ఇంటి యజమాని ప్రాణం తీసింది. 2025లో మన జిల్లాలోనే, ఎర్రగుంట్ల మండలం పొట్లదుర్తిలో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ పేలి ఒక మహిళ మరణించారు. ఇవి స్పీడు పెంచడం వల్ల జరిగాయని చెప్పడం లేదు. లిథియం అంటుకుంటే నిద్రలో ఉన్న మనిషికి లేచే వ్యవధి కూడా దొరకదని మాత్రమే చెబుతున్నాను.

2022 ప్రమాదాల తర్వాత కేంద్రం హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల కమిటీ వేసింది. దాని సిఫార్సులతో బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబర్ నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమలు చేశారు. సెల్స్, బీఎంఎస్, ఛార్జర్, ఒక సెల్ మంట పక్క సెల్‌కు పాకే తీరు, అన్నింటికీ పరీక్షలు పెట్టారు. వీధి చివర షాపులో ఒక తీగ మార్చగానే ఆ పరీక్షలన్నీ ఆ బండికి చెల్లకుండా పోతాయి.

చట్టం కళ్లలో

ముప్పై నిమిషాల మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉండి, అనుమతి పొందిన బండినే మోటారు వాహనం కాదంటారు. హద్దు దాటిన రోజునుంచి అది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం, నడిపేది లైసెన్సు లేని మనిషి. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బడికి పోయే పిల్లవాడు దాంతో నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. ఎవరినైనా గుద్దితే పరిహారం చెల్లించడానికి బీమా కంపెనీ ఉండదు. తోట అమ్మి కట్టాల్సిందే.

చేయదగింది

స్పీడు కావాలనుకోవడం తప్పు కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రోడ్ల మీద 25తో పోవడం కష్టమే. అలాంటి ప్రయాణం రోజూ ఉంటే నంబరు ప్లేటు, బీమా ఉన్న హైస్పీడ్ బండి కొనండి. ఉన్న బండి నెమ్మదించిందా? ముందు టైర్లలో గాలి, బ్రేకు పట్టుకుంటోందా, బ్యాటరీలలో ఏది చచ్చిందో చూపించండి. చాలాసార్లు కావలసింది ఐదో బ్యాటరీ కాదు, నాలుగు మంచి బ్యాటరీలు. కంపెనీ ఛార్జరే వాడండి, పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టకండి. పిల్లలు నడిపే బండి మీద మాత్రం ఈ ప్రయోగం అసలే వద్దు.